తాళం వేసిన చేతులు

మీరు రాసిన వార్తల్లో బాగా పేరు తెచ్చిపెట్టింది ఏదని ఈమధ్య జర్నలిజం చదువుతున్న ఒక అమ్మాయి నన్ను అడిగింది. ముప్ఫై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేసినవాడు ఇలాంటి ప్రశ్నకు కాసేపు ఆలోచిస్తున్నట్టు కనిపించాలి. నేను ఆలోచించలేదు. గోపన్‌పల్లి దారిలో లేడీస్ హాస్టల్ తగలబడినప్పుడు రాసిన వార్త అని చెప్పాను. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ వార్తలో ఒక వాక్యం అబద్ధమని, వారం తిరక్కుండానే ఆ సంగతి నాకు తెలిసిందని మాత్రం చెప్పకుండా వచ్చేశాను. ఆమెకు బాకీ పడిన ఆ సగం జవాబే ఇది.

అప్పట్లో మా జోన్ ఆఫీసు కూకట్‌పల్లిలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉండేది. హైటెక్ సిటీ నుంచి ఇటు మదీనాగూడ దాకా ఏం జరిగినా నాదే బాధ్యత. ఐటీ కంపెనీల వార్తలు పెద్ద ఆఫీసువాళ్లు చూసుకునేవారు. ఆ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎక్కడ తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఏ గుంతలో పడతారు అన్నవి నావి.

ఆ రోజు గురువారం. పగలు పదకొండు దాటింది. మూడంతస్తుల హాస్టల్‌లో కింద మీటర్ బోర్డు అంటుకుంది. దాని పక్కనే నిలిపి ఉన్న స్కూటీలు అంటుకున్నాయి. పొగంతా మెట్ల మీదుగా పైకి ఎక్కింది. పగటి పూట హాస్టళ్లు ఖాళీగా ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన పిల్లలు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని నిద్రపోయేది ఆ వేళకే. లోపల తొమ్మిది మంది ఉన్నారు. ఆరుగురు నడిచి బయటికి వచ్చారు. ఒకమ్మాయిని మోసుకొచ్చారు. ఇద్దరు వెనక గదిలోని బాత్‌రూమ్‌లో దొరికారు, ప్రాణాలు లేకుండా.

నేను వెళ్లేసరికి అగ్నిమాపక సిబ్బంది పైపులు చుడుతున్నారు. మా ఫొటోగ్రాఫర్ నాకంటే ముందే చేరాడు. కెమెరా తెరలో ఒక ఫొటో చూపించాడు. నలభై దాటిన సన్నటి మనిషి, తల మీద తడి దుప్పటి, భుజం మీద స్పృహ తప్పిన అమ్మాయి, వెనక నల్లటి పొగ. అతను ఆ హాస్టల్ వాచ్‌మన్.

"ఇదొక్కటి చాలు సార్, మొదటి పేజీకి పోతుంది," అన్నాడు ఫొటోగ్రాఫర్.

వాచ్‌మన్‌ను అప్పటికే దవాఖానకు తీసుకెళ్లారు. రెండు అరచేతులూ కాలిపోయాయట. నాతో మాట్లాడింది హాస్టల్ యజమాని. తెల్ల చొక్కా మీద మసి, కళ్లలో నీళ్లు. అవి నటన అని ఈనాటికీ అనను.

"గ్రిల్ ఇరుక్కుపోయిందండి. వాడు చేతులతో పట్టుకుని లాగేశాడండి. వాడే లేకపోతే తొమ్మిది మందీ పోయేవారండి. దేవుడండి వాడు."

బయటపడినవారిలో ఒకమ్మాయి అంబులెన్స్ మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె చెప్పింది ఒక్క మాటే: "గ్రిల్ తెరుచుకోలేదు అంకుల్. కొట్టాం, కొట్టాం, తెరుచుకోలేదు." ఎందుకు తెరుచుకోలేదని నేను అడగలేదు. ఇద్దరి మాటా కలిసింది కదా అనుకున్నాను. సాయంత్రం ఆరుకు పేజీ మూయాలి. దవాఖానకు వెళ్లి వాచ్‌మన్‌ను పలకరించడానికి గంటన్నర పడుతుంది. వెళ్లలేదు. 'ఇరుక్కుపోయిన ఇనుప గ్రిల్‌ను ఒట్టి చేతులతో ఊడబెరికి' అని రాశాను. ఊడబెరికి అన్న మాట నాదే. యజమాని లాగేశాడనే అన్నాడు.

మర్నాడు ఫొటో, వార్త మొదటి పేజీలో పడ్డాయి. ఎడిటర్ స్వయంగా ఫోన్ చేశారు. టీవీ వాళ్లు దవాఖానకు పరిగెత్తారు. కాలిన చేతుల మనిషి మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉంటే, మాట్లాడలేని స్థితిలో ఉన్నాడని చెప్పి సరిపెట్టుకున్నారు. పోలీసులు షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నారు. మదీనాగూడలో ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్‌కు సన్మానం చేస్తామని హాస్టల్ యజమానుల సంఘం ప్రకటించింది. అతణ్ని వెలుగులోకి తెచ్చిన విలేకరిగా నాకూ వేదిక మీద కుర్చీ వేస్తామన్నారు.

సన్మానం ఆదివారం. బుధవారం మధ్యాహ్నం అతను మా ఆఫీసుకు వచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. తలుపు భుజంతో తోసుకుని లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"సార్, గా పేపర్ల రాసింది మీరేనా?"

లేచి కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

"గది తప్పు సార్. గ్రిల్ ఇరుకలే. తాళం ఉండె. నేనే ఏసిన."

ఏ తాళం అని అడిగాను. అడగవలసిన రోజుకు ఆరు రోజుల తర్వాత.

చెప్పాడు. అంతకు కొన్ని నెలల ముందు ఎవడో భోజనం పార్సిల్ తెచ్చినవాడిలా పైకి ఎక్కి, నిద్రపోతున్న పిల్లల ల్యాప్‌టాప్‌లు ఎత్తుకెళ్లాడు. అప్పటి నుంచి యజమాని ఒక పద్ధతి పెట్టాడు. వాచ్‌మన్ గేటు వదిలి ఎటు కదిలినా సరే, మెట్ల దగ్గర గ్రిల్‌కు బయటి నుంచి తాళం వేసి పోవాలి. పిల్లలు నిద్రలో ఉంటారు కనుక వాళ్లకు తెలిసేది కాదు. మేడ మీది తలుపుకు ఎప్పుడూ తాళమే. ఆ వీధిలో అన్ని హాస్టళ్లదీ అదే పద్ధతి. ఆ గురువారం యజమాని ఇంట్లో గ్యాస్ బండ మార్చాలని ఫోన్ వస్తే తాళం వేసి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పొగ.

"నువ్వు వెంటనే వెళ్లి తీశావు కదా," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"గదే సార్ చెప్పనీకొచ్చిన. పోలే. రోడ్డవుతల నిలవడ్డ. కాళ్లు రాలే. లోపల పిల్లలు గ్రిల్ కొడుతున్న సప్పుడు ఇనవడ్తనే ఉన్నది. తాళంచెవి నా జేబులనే ఉన్నది."

"ఎంతసేపు?"

"ఏమో సార్. ఇస్త్రీ చేసే అక్క ఉరికొచ్చి నా చెంప మీద కొట్టేదాకా. 'చెవి నీ తాన్నే ఉన్నది గదరా, సచ్చినోడా, ఇంకేం చూస్తున్నవ్' అని కొట్టింది. బకెట్ల దుప్పటి ముంచి నా నెత్తి మీద ఏసింది. నాతోని మెట్ల దాకా వచ్చింది. గప్పుడు పోయిన. తాళం నిప్పు లెక్క కాలుతున్నది. తీసిన. గంతే సార్. ఊడబీకుడు గిట్ల ఏం లేదు. తాళం తీసిన."

ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడను ఆ రోజు నేను చూశాను. బొగ్గుల పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఎవరో చూడడానికి వచ్చినవాళ్లు అనుకుని దాటిపోయాను.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అని అడిగాను. విలేకరి అడిగే ప్రశ్నే గానీ, అప్పుడు అడిగింది విలేకరి కాదు.

"సచ్చిపోయిన బిడ్డలల్ల ఒకామె నాయిన దవాఖానకు వచ్చిండు సార్. అనంతపురం దిక్కు మనిషి. పేపర్ సదివిండంట. నా చేతులు గిట్ల పట్టుకొని, 'నా బిడ్డ కోసం కాల్చుకున్నావు నాయనా' అని మొక్కిండు. నాకు మొక్కిండు సార్." కట్లు ఉన్న చేతులను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండూ ముందుకు చాచాడు. "ఆయనకు నేను చెప్పలేకపోయిన. పేపర్ల ఎయ్యిన్రి. నేను ఏసిన తాళం, నేను నిలవడ్డది, తీసింది, మొత్తం ఎయ్యిన్రి. అక్క కొట్టింది గూడ. మా ఓనర్ సారు తాళం ఎయ్యమన్నది గూడ."

మా పత్రికలో సవరణల పుస్తకం అని ఒకటి ఉండేది. ఎవరి వార్త తప్పితే వాళ్లు తమ చేత్తో అందులో రాయాలి: ఏం రాశాం, అసలు ఏం జరిగింది, ఎందుకు అడగలేదు. రాసి, సంతకం పెట్టి, డెస్క్ ఇన్‌చార్జికి చూపించాలి. ఆ తర్వాతే లోపలి పేజీ మూల సవరణ పడుతుంది. అన్నేళ్లలో ఆ పుస్తకంలో నా సంతకం ఒక్కటీ లేదు. కొత్తగా చేరిన పిల్లలకు ఆ సంగతి చెప్పుకునేవాడిని కూడా.

కాబట్టి అతని మేలు కోరేవాడిలా మాట్లాడాను. "చూడు, నువ్వు ఇలా చెబితే కేసు ముందు నీ మీదికే వస్తుంది. తాళం వేసింది నువ్వు. యజమానికి లాయర్లు ఉంటారు, నీకెవరున్నారు? ఇంట్లో నీకూ భార్యాపిల్లలు ఉంటారు. ఏడుగురిని బయటికి తెచ్చావు, అదీ నిజమే కదా."

"నిజమే సార్. గని గది ఒక్కటే ఎట్ల నిజమైతది?"

"భయం లేదా నీకు?"

"ఎందుకు లేదు సార్? రాత్రి నిద్ర పడ్తలే. మా ఇంటామె గూడ వద్దనే అంటున్నది. జైల్ల ఏస్తరని తెలుసు."

మా ఇన్‌చార్జితో మాట్లాడి చెబుతానన్నాను. అతను వెళ్లాక ఫోన్ చేశాను. ఇన్‌చార్జి అంతా విన్నాడు. తెలివైనవాడు, చెడ్డవాడు కాడు.

"హీరోని మనమే చేసి మనమే దించుదామా గురువుగారూ? సన్మానం కానివ్వండి. తర్వాత పోలీసులు తేలిస్తే పోలీసుల మాటగా రాద్దాం. అప్పుడు సవరణ అక్కర్లేదు, ఫాలోఅప్‌గా కొత్త వార్త అవుతుంది."

ఆ తేడా మీకు అర్థమై ఉంటుంది. నాకూ బాగానే అర్థమైంది. సరే అన్నాను. ఇన్‌చార్జి మీద నెట్టేయడానికి ఇది చెప్పడం లేదు. 'కాదు, ఇవాళే వేద్దాం' అని నేను అని ఉంటే ఆయన వేసేవాడు. నేను అనలేదు.

ఆదివారం పొద్దున్న హాలు నిండింది. హాస్టళ్ల యజమానులు, కాలనీ పెద్దలు, ఒక పోలీసు అధికారి. ముందు వరసలో అనంతపురం నుంచి వచ్చిన ఆ తండ్రి, మాసిన తువ్వాలు భుజం మీద వేసుకుని. వాచ్‌మన్‌కు ఎవరో కొత్త చొక్కా తొడిగారు. చేతులకు కట్లు ఉన్నాయి కనుక పొట్టి చేతుల చొక్కా. శాలువా కప్పారు. పూలదండ వేశారు. జ్ఞాపిక ఇవ్వబోతే పట్టుకోవడానికి చేతులు లేవు. దాన్ని తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టారు.

"రెండు మాటలు చెప్పరా," అన్నాడు యజమాని. మైకు పట్టుకోలేడు కాబట్టి యజమానే దాన్ని అతని నోటి దగ్గర పెట్టాడు. ఎంతో ఆప్యాయంగా పెట్టాడు.

"అందరికి దండాలు. నాకు గీ శాలువ వద్దు. గ్రిల్‌కు తాళం ఏసింది నేనే. సారు ఎయ్యమన్నడు, ఏసిన..."

మైకు వెనక్కి పోయింది. అతను ఆగలేదు. హాల్లో పంకాల చప్పుడు, కుర్చీలు జరిగిన చప్పుడు, వాటి మీదుగా ఒట్టి గొంతుతో చెబుతూ పోయాడు. తాళంచెవి జేబులో ఉందని, రోడ్డవతల నిలబడ్డానని, ఇస్త్రీ అక్క కొట్టేదాకా కదల్లేదని. బుధవారం నాకు చెప్పింది ఎలా చెప్పాడో అలాగే, ఒక్క మాట తగ్గించకుండా, తనవైపు ఒక్క మాట కలపకుండా.

"షాక్‌లో ఉన్నాడండి, ఏదేదో మాట్లాడుతున్నాడు, ఏమీ అనుకోకండి," అంటున్నాడు యజమాని మైకులో. వెనక నుంచి ఎవరో "దించండయ్యా కిందికి" అని అరిచారు. ఇంకెవరో "హంతకుడికి దండేశార్రా" అన్నారు. వేసినవాళ్లే అన్నారు.

ఆ తండ్రి లేచాడు. వాచ్‌మన్ దగ్గరికి వెళతాడనుకున్నాను. కాదు, వేదిక ఎక్కి నా కుర్చీ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సామీ, పేపర్లో రాసింది మీరే కదా. ఇదంతా మీకు ముందే తెలుసునా? ఈయప్ప మీకు చెప్పినాడా?"

హాలంతా నా వైపు చూస్తోంది. వాచ్‌మన్ కూడా చూస్తున్నాడు. అతనికీ నాకూ మధ్య నాలుగు అడుగులు ఉంటాయి.

"లేదండీ," అన్నాను. "నాకూ ఇప్పుడే తెలిసింది."

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

ఆ తర్వాతవి మామూలు వార్తలు. పోలీసు అధికారి అక్కడి నుంచే అతణ్ని జీపులో తీసుకెళ్లాడు. శాలువా మెడలోనే ఉంది, తీసేయడానికి అతనికి చేతులు లేవు, తీయాలని ఎవరికీ తోచలేదు. యజమాని మీద కూడా కేసు పెట్టారు. ఆయన త్వరగానే బయటికి వచ్చాడు. వాచ్‌మన్ చాలా నెలలు లోపలే ఉన్నాడు. జామీనుకు నిలబడేవాళ్లు దొరకలేదు. ఇస్త్రీ ఆవిడ ఎవరూ పిలవకుండానే స్టేషన్‌కు వెళ్లి చూసింది చూసినట్టు చెప్పింది. పది రోజుల్లో ఆ వీధిలో ఆమె బండి లేకుండా చేశారు. తాళం పద్ధతి గురించి మా పత్రికలో వరసగా వార్తలు వచ్చాయి, రాసింది నేనే. అధికారులు హాస్టళ్లన్నీ తిరిగి గ్రిల్ తాళాలు తీయించారు. ఆ వార్తలకూ నాకు మెప్పు దక్కింది. సవరణల పుస్తకంలో మాత్రం నా సంతకం పడలేదు. వాచ్‌మన్ ఫొటో మళ్లీ వేశాం, అదే ఫొటో, ఈసారి నిందితుడు అనే మాటతో.

వేలమంది చదివే కాగితం మీద ఒక మనిషిని వీరుడని రాయడం తేలిక. దానికి ఫొటో, ఒక మంచి క్రియ ఉంటే చాలు. నా క్రియ 'ఊడబెరకడం'. వీరుడంటే భయపడనివాడని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఈ మనిషి భయపడ్డాడు, తొమ్మిది మంది ప్రాణాలతో ఉండగా భయపడ్డాడు, ఆ భయం ఇద్దరిని మింగి ఉండవచ్చు కూడా. దాన్ని ఏ సన్మానమూ కడిగేయలేదు. కడిగేయాలని అతను అనుకోలేదు కూడా, నాకు తెలిసి అతనిలో గౌరవించవలసింది అదే. పొగలోకి వెళ్లేటప్పుడు అతని వెనక ఒక చెంపదెబ్బ ఉంది. మైకు ముందు నిజం చెప్పేటప్పుడు వెనక ఎవరూ లేరు. ఉండవలసిన నేను కుర్చీలో కూర్చున్నాను.

రిటైరయ్యాక ఒకనాడు గోపన్‌పల్లిలో అతను కనిపించాడు. భార్య తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతోంది. అతను పక్కన నిలబడి సంచీలు తెరిచి పడుతున్నాడు. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, అందుకని సంచీని రెండు మణికట్ల మధ్య పట్టుకుంటున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు.

"బాగున్నరా సార్? రిటైరైన్రా?"

మామూలుగా అడిగాడు. నేను అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగేశాను.

"ఆ రోజు నేను తెలియదన్నాను కదా. నువ్వు ఎందుకు ఊరుకున్నావు? అబద్ధమని అక్కడే అనొచ్చు కదా."

అతను సంచీ భార్యకు అందించి నా వైపు తిరిగాడు.

"నాది నేను చెప్పిన సార్. మీది నేనెట్ల చెప్త? మీరు చెప్పుకోవాలె గద."

భార్య అతణ్ని గద్దించింది: "ఇగ ఆ ముచ్చట బంజేయ్. బెండకాయలు సూడు, అడుగుతున్నరు." అతను బెండకాయల వైపు తిరిగాడు.

తిరిగి వస్తూ ఆ పాత వీధిలోంచి వచ్చాను. హాస్టల్ పేరు మారింది, రంగు మారింది. కింద వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. మెట్ల దగ్గర గ్రిల్‌కు బయటి నుంచి తాళం వేలాడుతోంది. పొద్దున్న పదకొండు అయింది. అక్కడే నిలబడి అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి తీయించేదాకా కదల్లేదు. అది గొప్పగా చెప్పడం లేదు.

ఇంటికి వచ్చి పాత డైరీలో ఆ తండ్రి నంబరు వెతికాను. అనంతపురం జిల్లా, ఊరి పేరు, నంబరు, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. చేశాను. ఎవరో చెప్పాను. అవతల ఆయన చాలాసేపు దగ్గాడు.

"ఆ రోజు మీరు అడిగినప్పుడు తెలియదన్నాను. అబద్ధం చెప్పాను. నాలుగు రోజుల ముందే అతను నా దగ్గరికి వచ్చి అంతా చెప్పాడు. వేయమని అడిగాడు. నేనే వేయలేదు."

ఆయన కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండును.

"తెలుసు సామీ," అన్నాడు. "మీరు లేదన్న పొద్దు, ఆయప్ప తల వంచుకునె. అంతసేపూ అందురూ తిడతా ఉంటే ఎత్తిన తల దించలేదే, ఇప్పుడెందుకు దించినాడబ్బా అనుకుంటి. బస్సులో ఊరికి వచ్చేటప్పుడు తెలిసిపోయె. మిమ్మల్ని చూసి సిగ్గుపడినాడు సామీ, మీ బదులు."